రెండు పార్టీల కలుపుమందు

“ఆ ఎలుకలకు గడియారం చూసి పెడతావు. నాకు మాత్రం నీకు గుర్తొచ్చినప్పుడు” అని మా ఆయన దేవపాలు రోజూ అనేవాడు. నిజమే. ఎలుకలు ఉప్పు తక్కువైందని కంచం నెట్టవు. తెల్లారకముందే వంట చేసి, మా అత్త జ్ఞానమ్మకు నీళ్లు కాచిపెట్టి, దువ్వూరు దగ్గరున్న మా ఊరి నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కి, నేను ఎలుకలను సాకే కాలేజీ ల్యాబులో అడుగు పెట్టగానే నాకు ఒళ్లు తేలికయ్యేది. అక్కడ నన్ను ఎస్తేరు అని పిలిచేవాళ్లు. ఇంట్లో ‘మే’ అంటే నేనే.

అప్పట్లో మా ఊళ్లో రెండు పార్టీలు, ఒక్కో పార్టీకి ఒక్కో మందుల అంగడి. ఇవతలివాడు అవతలి అంగట్లో కలుపుమందు కొంటే పార్టీ మారినట్టే. చేలో కొట్టేది మగవాళ్లు. కలపడానికి నీళ్లు మోసేదీ, మందుకు తడిసిన లుంగీలు ఉతికేదీ మేము. రెండేళ్లుగా రెండు వైపులా చాలామందికి కడుపులు నిలవలేదు. మీ మందే కారణమంటే మీ మందే అని తిట్టుకున్నారు. నాకూ రెండు పోయాయి. మా అత్త మాత్రం మందును అనలేదు. “నీ కడుపే అట్లాంటిది” అనింది. పెళ్లిళ్లలో, చావుల్లో నలుగురి ముందూ అదే మాట.

ల్యాబు చూసుకునే మా మైమూన్ మేడం ఒప్పుకుంటే రెండు అంగళ్ల సీసాలూ ల్యాబుకు తెచ్చాను. ఏది ఎవరిదో నాకు తెలియకూడదని మేడం లేబుళ్లు పీకేసి ఒకటి, రెండు అని అంకెలు వేసింది. ఇంకా ఈడు రాని ఆడ ఎలుకపిల్లలకు మూడు రోజులు మందిచ్చి, నాలుగో రోజు గర్భసంచి తూచాలి. మందు ఆడ హార్మోనులా పనిచేస్తే అది ముందే ఉబ్బుతుంది. ఆ చిన్న తక్కెడ ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, నాకంటే సుఖంగా ఉన్న మనిషి కడప జిల్లాలో లేదనిపించేది. మందు తగలని పిల్లలది ముప్పై మిల్లీగ్రాములు. ఒకటో సీసా మందు ఇచ్చినవాటిది యాభై ఎనిమిది, రెండోది ఇచ్చినవాటిది అరవై. కొత్త పిల్లలతో మళ్లీ చేశాను. అంతే వచ్చింది.

“రెండూనా?” అని మా ఆయన నీరుగారిపోయాడు. “అవతలోళ్ల మందు చెడ్డదని కాగితం తెస్తానని మన నాయకునికి మాటిచ్చినా. ఎలక్షన్లు దగ్గరపడె. మనది తీసేసి రాయి మే.”

“ఎలుకకు పార్టీ యాడుందప్పా?”

“ఎగతాళొద్దు. రేపు ఇంటిమీదికొస్తే ఎవురు దిక్కు?”

భయం నాకూ ఉంది. బాంబు పడిన గోడ మా వీధిలోనే ఉంది. కానీ ఒక అంకె దాస్తే, ఒక వైపు ఆడవాళ్లు ఆ నీళ్లు మోస్తూనే ఉంటారు.

చర్చిలో మగవాళ్లు పార్టీల ప్రకారం రెండు మూలల్లో కూర్చుంటారు. ఆడవాళ్లకు ఒకటే చాప. ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి రెండు అంకెలూ చదివాను.

“ఇది ఎలుకల్లో చూసింది. మన కడుపులు దీంతోనే పోయినాయని నేను రూఢిగా చెప్పలేను. ఆ నీళ్లు మాత్రం ఇంక మొయ్యను” అన్నాను.

మగవాళ్ల వైపు దగ్గులు వినిపించాయి. అవతలి పార్టీ యేసమ్మ నన్నే చూస్తూ, “మా ఇంట్లో ఒకటి పాయె. మీ వైపు ఎవురికీ పోలేదా?” అని అడిగింది.

మా వైపు ఆడవాళ్లంతా తలలొంచుకున్నారు. మా అత్త మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

“మా ఇంట్లో రెండు” అనింది.