ఒకే ఒక్క గార్డు

బాస్కెట్‌బాల్ జట్టు కట్టాలంటే ముందు బంతి పంచే పిల్లను పట్టుకోవాలి, బుట్టలో వేసేవాళ్ళు ఎలాగూ దొరుకుతారు అన్నది శివకుమారి మేడం సిద్ధాంతం. పదిహేడేళ్ళుగా ఆడపిల్లలకు ఆట నేర్పుతున్న మనిషి కాబట్టి, ఆ సిద్ధాంతానికి ఎదురు చెప్పే ధైర్యం ఆ హాస్టల్ బడిలో హెడ్మిస్ట్రెస్‌కు కూడా లేదు. బడి కోయిలకుంట్ల దాటాక రోడ్డు పక్కనే ఉంది. మేడం సొంతూరు మాత్రం కడప వైపు మంగంపేట. నాన్న అక్కడి గనుల్లో పనిచేశాడు. గనిలో ఏమరితే మనిషే ఉండడన్న మాట వింటూ పెరిగింది కాబట్టి కాబోలు, ఆటలో ఏమరపాటును ఆమె అస్సలు సహించదు.

అందుకే ఒక నియమం పెట్టింది. తనకు వచ్చిన పాస్‌ను అందుకోలేక జారవిడిచిన పిల్ల, ఆట అయ్యాక గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తాలి. గురిచూసి వేసిన బంతి బుట్టలో పడకపోతే మాత్రం శిక్ష లేదు. వేయడం ప్రయత్నమట, జారవిడవడం అజాగ్రత్తట. ఈ తేడా మీద ఆమె పది నిమిషాలు ఉపన్యాసం ఇవ్వగలదు. ఇచ్చింది కూడా, చాలాసార్లు.

ఆగస్టు మొదట్లో జిల్లా కోచ్ దాసన్న ఫోన్ చేశాడు. కడపలో జరిగే అండర్ సెవెంటీన్ పోటీలకు ఉమ్మడి కర్నూలు జిల్లా జట్టును కడుతున్నాడు. పాయింట్ గార్డు, అంటే బంతిని ముందుకు తెచ్చి ఎప్పుడు ఎవరికివ్వాలో తేల్చే పిల్ల, శివకుమారి బడి నుంచి కావాలి.

"ఒక్క పేరే పంపమ్మా, మిగతా జాగాలన్నీ నిండినాయి. నన్నడిగితే ఆ శివలీలను పంపు. పదిసార్లేస్తే ఏడుసార్లు పడతాది" అన్నాడు దాసన్న.

"వేస్తాది సార్, కాదనను. కానీ పోయిన సోమారం చూసినా, బంతి ఎవురికీ ఇయ్యలా. సాహితి అట్ల కాదు, నలుగురినీ ఆడిస్తాది."

"గెలిచేది స్కోరుతో గదమ్మా, మంచితనంతో కాదు."

"మూడు వారాలు టైమియ్యండి సార్. కాగితం మీద చూపిస్తా" అంది శివకుమారి.

ఇద్దరూ పదో తరగతే. సాహితి ఆ చుట్టుపక్కల శనగ పండించే రైతు కూతురు. నెమ్మదైన పిల్ల, బంతి చేతికి రాగానే తల తిప్పి నలుగురినీ చూస్తుంది. శివలీలది పడమర కర్నూలులో కౌతాళం వైపు పల్లె, తల్లిదండ్రులు కూలి చేస్తారు. మేడం చూసినంతలో, ఈ పిల్లకు బంతి దొరికిందంటే కోర్టులో మిగతా నలుగురూ తమ జట్టు కాదన్నట్టే ఉంటుంది.

ఆటల పీరియడ్లు రెండు వరసగా దొరికేది సోమవారమే. మేడం మూడు సోమవారాలు పోటీ పెట్టింది. జట్లు కట్టే తలనొప్పి లేకుండా రూముకొక జట్టు చేసింది. శివలీల రూములో అందరూ ఆ జులైలోనే బడిలో చేరిన కౌతాళం, కోసిగి పిల్లలే. సాహితి రూములో అందరూ కోయిలకుంట్ల చుట్టుపక్కలవాళ్ళు.

మొదటి సోమవారం ఆట మొదలయ్యే ముందు హులిగెమ్మ అనే పిల్ల చెయ్యెత్తింది. శివలీల జట్టులో అందరికన్నా పొడుగు ఆ పిల్లే.

"మేడం, ఈపొద్దు మేము..."

"జొరమా?"

"కాదు మేడం."

"జొరం కాకపోతే నాకేమీ చెప్పొద్దు. కోర్టులోకి పో."

హులిగెమ్మ పోయింది. శివకుమారి గట్టు మీద కూర్చుని నోటుపుస్తకంలో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ వారం శివలీల ఇరవై రెండు పాయింట్లు చేసింది, రెండే పాస్‌లు ఇచ్చింది. సాహితి చేసింది ఆరు పాయింట్లు, ఇచ్చిన పాస్‌లు పద్నాలుగు. రెండో సోమవారం కూడా అటూ ఇటుగా అంతే. మూడో సోమవారం హులిగెమ్మ బుట్ట కింద ఒంటరిగా నిలబడి ఉండగా, శివలీల ఇద్దరి మధ్య నుంచి దూరి తానే వేసింది. అది పడలేదు. గట్టు మీద మేడం పళ్ళు నూరుకుంది. ఆ పేజీ కింద 'స్వార్థం' అని రాసి రెండు గీతలు గీసింది.

శుక్రవారం సాహితి పేరు దాసన్నకు పంపేసింది. దాసన్న నసిగాడు గానీ పద్నాలుగు పాస్‌ల మాట విని ఊరుకున్నాడు. సాహితి ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంది. శివలీల ఆ పూట అన్నం మామూలుగానే తింది.

ఆ పై సోమవారం మళ్ళీ అవే జట్లు ఆడాయి. ఈసారి ఎంపిక ఏమీ లేదు కాబట్టి మేడం నోటుపుస్తకం తేలేదు. ఆట మొదలైన ఐదు నిమిషాలకు లేచి నిలబడింది.

శివలీల పాస్ ఇస్తోంది. ఒకటీ రెండూ కాదు. ఎడమవైపు చూస్తూ కుడివైపున్న పిల్లకు ఇచ్చింది. ఇద్దరు మీదికొస్తే వాళ్ళ తలల మీదుగా హులిగెమ్మ చేతుల్లో సరిగ్గా పడేసింది. నలుగురూ వేస్తున్నారు, నలుగురూ నవ్వుతున్నారు. సాహితి జట్టుకు ఊపిరి సలపలేదు.

శివకుమారికి ఒళ్ళు మండింది. ఈల వేసి ఆట ఆపింది.

"ఏమే, పేరు రాలేదని రోషమా? ఈ ఆటంతా ఇన్నాళ్ళూ యాడబోయింది?"

శివలీల తల వంచుకుంది. హులిగెమ్మే, ఇందులో అడగడానికేముందన్నట్టు చెప్పింది.

"శ్రావణం అయిపాయ గదా మేడం."

"శ్రావణానికీ ఆటకూ ఏం సంబంధం?"

"శ్రావణ సోమారాలు మా రూములో ఉరుకుంద ఈరన్నసామికి ఒక్కపొద్దుంటాము మేడం. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినం. కండ్లు తిరుగుతాంటాయి, బంతి చేతుల్లో నిలబడదు. జారిస్తే ఐదు రౌండ్లు గదా. అందుకని ఈయమ్మి మాకు బంతి ఇయ్యలా. తానే ఏసి పోగొట్టుకుంటే రౌండ్లు ల్యావు."

శివకుమారి శివలీల వైపు తిరిగింది. "నువ్వు కూడా ఒక్కపొద్దేనా?"

"ల్యా మేడం. నేను ఆకలికి తట్టుకోలేను. వాళ్ళ ఉప్మా గూడా నేనే తింటాంటి."

పిల్లలంతా పకపకా నవ్వారు. మేడం నవ్వలేకపోయింది. ఆమె ఊళ్ళో శ్రావణమంటే శుక్రవారాలు. ఈ సోమవారాల సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు గానీ, చెప్పబోయిన పిల్ల నోరు మూయించడం తప్పే. కోర్టులో ఎవరికి ఓపిక ఉంది, ఎవరికి లేదు అన్నది క్షణక్షణం చూసుకుంటూ, నలుగురి బరువూ మోస్తూ ఆడిన పిల్లను పట్టుకుని స్వార్థం అని రాసింది. గార్డుకు ఉండాల్సింది ఆ చూపేనని పదిహేడేళ్ళుగా చెబుతున్నదీ ఆమే. శివకుమారికి సిగ్గేసింది. పిల్లల ముందు దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

అప్పటికప్పుడే దాసన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆయన ముందు గడువు సంగతి చెప్పాడు.

"రేపటితో జాబితా మూసేస్తారమ్మా. మార్చాలంటే కారణం రాసి, మీ హెడ్మిస్ట్రెస్ సంతకంతో పంపాల. సాహితికి కాలు బెణికిందని రాయి, ఏ గొడవా ఉండదు."

"దాని కాలు బాగుండాది సార్."

"అయితే నీ పేరే చెడతాది. పస్తున్న పిల్లోళ్ళను ఎండలో పరిగెత్తిస్తావని పైవాళ్ళు అడగరా?"

"అడగనీ సార్."

ఉన్నదున్నట్టు రాసింది. ఎంపిక చేసిన పద్ధతి తప్పు, అందుకు బాధ్యత తనది అని కింద విడిగా ఇంకో వాక్యం కలిపింది. హెడ్మిస్ట్రెస్ అది రెండుసార్లు చదివి, కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి, సంతకం పెట్టింది. కాగితం పోయింది. గంటలోపే శివలీల పేరు ఖాయమైందని దాసన్న చెప్పాడు.

ఇక మిగిలింది సాహితికి చెప్పడం. ఆ పిల్ల వరండాలో కూర్చుని కడపకు తీసుకెళ్ళే బూట్లు తుడుచుకుంటోంది. శివకుమారి పక్కనే కూర్చుని, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పింది. సాహితి తుడవడం ఆపి వింది.

"నీ తప్పేమీ ల్యా సాహితీ. నువ్వు శానా బాగా ఆడినావు. తప్పంతా నాదే" అంది శివకుమారి.

ఆ పిల్ల ఏడవలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. లెక్కల క్లాసులో అర్థం కానిది అడిగినట్టు అడిగింది.

"తప్పు మీదైతే, నా పేరెందుకు కొట్టేసినారు మేడం?"

  సాహితి జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది.