చెట్టులో ఇత్తడి స్క్రూ

చెట్టు వేళ్ళ మధ్య ఇత్తడి స్క్రూ కనపడేసరికి నా చేతిలోని వెదురు పుల్ల జారి కింద పడింది.

మార్చి నెల, కుండీలు మార్చే రోజులు. మా ఇంటి పెద్ద బోన్సాయ్‌కి, ఆ కొండ జునిపర్‌కి, ఎప్పుడూ మా అత్తయ్యే కుండీ మార్చేది. నీళ్ళు కూడా ఆవిడే పోసేది. ఈ ఏడు ఆవిడకు తొంభై మూడు నిండాయి, చేతి వేళ్ళు వంగడం లేదు. "ఇక నువ్వే చెయ్యి, ఫుసాయే" అంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై రెండేళ్ళు. ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వడం అదే మొదలు.

నాచు గీకేశాను. పాత మట్టి పుల్లతో మెల్లగా దులిపాను. వెనకవైపు, తెల్లటి ఎండుకర్రకు బెరడు అంటుకున్నచోట, స్క్రూ తల. దాని పైన ఇంకొకటి. ఆ పైన మరొకటి. బెరడు ఉబ్బి వాటిని సగం మింగేసింది.

బోన్సాయ్‌లకు పేరుపడ్డ మా ఊరు కినాషిలో దీని అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు. చచ్చిన ముసలి మొద్దులో గాడి తొలిచి, అందులో లేత మొక్కను పడుకోబెట్టి, స్క్రూలు బిగిస్తారు. కొన్నేళ్ళకు రెండూ ఒకటైపోయి పాత చెట్టులా కనిపిస్తుంది. దాన్ని తనుకి అంటారు. వేషాలు మార్చి మనుషుల్ని ఏమార్చే అడవి జంతువు పేరది. తనుకిని అసలు చెట్టని చెప్పుకున్నవాడి ఇంట్లో మా ఊరివాళ్ళు టీ కూడా తాగరు.

మా మామయ్యగారి తాత తాడు కట్టుకుని ఇషిజుచి కొండ అంచున వేలాడి తెచ్చిన చెట్టు ఇది. మామయ్యగారు రోజూ పొద్దున్నే బుద్ధుడి ముందు అగరొత్తి వెలిగించి, తర్వాత దీనికీ దణ్ణం పెట్టుకునేవారు. ఆ మధ్యాహ్నమే గుడి నుంచి గురువుగారు దీన్ని తీసుకుపోవడానికి వస్తున్నారు. ఇక మీదట బుద్ధుడి ముందు ఉంటుంది. "రెండు వందల ఏళ్ళు" అని మా ఆయన కియొహారు చెక్క మీద అందంగా రాసి కూడా పెట్టారు.

అత్తయ్య వరండాలో ఉడోన్ నూడుల్స్ తింటోంది.

"అత్తయ్యా, చెట్టులో స్క్రూలున్నాయి."

"ఎన్ని?"

"మూడు."

"నాలుగుండాలే. సరిగ్గా చూడు. నీ కళ్ళు నాకన్నా ముసలివైపోయాయి."

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"మీకు తెలుసా?"

"తెలియకేం? బిగించింది మా తమ్ముడు. ఒళ్ళో పట్టుకు కూర్చున్నది నేను."

"ఎప్పుడు?"

"నువ్వు తోకుషిమా వెళ్ళి డాన్సులు చూసొచ్చిన ఏడు."

ఆ సంగతి నేను ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళైన ఏడే, ఆగస్టులో, ఇంటిల్లిపాదీ మామయ్యగారి తల్లి అస్థికలు తీసుకుని కోయా కొండకు వెళ్ళారు. చెట్టుకు నీళ్ళు పోయమని నన్ను ఉంచారు. పొలంలో ఉన్న పైన్ మొక్కలకు బెంగ లేదు, వాటికి నేల తడి ఉంటుంది. పల్చటి కుండీలో ఉన్న ఈ ఒక్కదానికి రోజుకు మూడుసార్లు పోయాలి. నేను పుట్టిన తోకుషిమాలో పితృదేవతల బోన్ పండగ డాన్సులు. ఒక్క సాయంత్రం చూసి వచ్చేద్దామని రైలెక్కాను. ఆఖరి రైలు తప్పిపోయింది. తిరిగి వచ్చేసరికి రెండు రోజులు. చెట్టు పచ్చగానే ఉంది. గబగబా నీళ్ళు పోసి, నాలుగు దారుల దగ్గరున్న జిజో స్వామికి మొక్కుకున్నాను. ఆనాటి నుంచి ఇవాళ్టి దాకా, చెట్టును కాపాడినందుకు, ప్రతి ఉదయం ఆయనకు అన్నం ముద్ద, నీళ్ళు పెడుతూనే ఉన్నాను.

"మీకెలా తెలిసింది?"

"మట్టి చెప్పింది. పైన తడి, వేలు గుచ్చితే లోపల పిండి. పైగా డాన్సుల విసనకర్రను పరుపు కింద దాచిన మొద్దువి నువ్వు."

"కానీ చెట్టు పచ్చగా ఉంది కదా!"

"జునిపర్ చచ్చినా రెండు నెలలు పచ్చగానే ఉంటుందే. నువ్వొచ్చేసరికే అది పోయింది."

ఆ మాట నా చెవిలో పడింది గాని లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. నేను మొక్కుకున్న క్షణానికే చెట్టు లేదు. ఇన్నేళ్ళూ నేను జిజోకు దేనికి కృతజ్ఞత చెప్పినట్టు?

"మరి మామయ్యగారు?"

"కొమ్మలు వంచే వైర్లు కట్టించాలని మా పుట్టింటికి పంపానన్నాను. మూడేళ్ళు అక్కడే ఉంది. వచ్చేసరికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. పోయేదాకా దణ్ణం పెట్టుకున్నాడు."

"నిజం చెప్పెయ్యాల్సింది అత్తయ్యా."

"చెబితే ఆయన మర్నాడే నిన్ను పుట్టింటికి పంపేవాడు." గిన్నె ఎత్తి పులుసు తాగేసింది. "చెట్టును పంపడం తేలిక."

నేనన్నాను, "ఇది బుద్ధుడి ముందు పెట్టే చెట్టు. ఆ చెక్క మీద రాసినది..."

"నాకూ అదే గుచ్చుతోంది. లేకపోతే ఇవాళ నీ చేత కుండీ ఎందుకు మార్పిస్తాను?"

మా ఆయన పైన్ తోట నుంచి కత్తెరతో వచ్చారు. నేను ఆయనకు అన్నీ చెప్పేశాను. రైలు, డాన్సులు, విసనకర్ర, ఏదీ దాచలేదు. ఆయన వంగి, స్క్రూ తలను గోటితో తాకి చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు, కాలినట్టు.

"నాన్న దీనికి దణ్ణం పెట్టాడు" అన్నారు. "నేనూ పెట్టాను, ఇవాళ పొద్దున కూడా."

నన్ను ఏమంటారోనని ఆయన ముఖం కేసి చూస్తున్నాను. ఆయన నన్ను చూడలేదు, తల్లి వైపు తిరిగారు.

"అమ్మా, అసలు తనుకివి నువ్వు."

"అవును, దాని పాలే తాగావు."

ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి, ఆ చెక్కా సిరారాయీ తెచ్చుకుని వరండాలో కూర్చున్నారు. చెక్కను తిరగేశారు. చాలాసేపు సిరా అరగదీశారు.

"నీ తమ్ముడు పెట్టిన మొక్కకి అప్పుడెన్నేళ్ళు?"

"ఆరు" అంది అత్తయ్య.

వేళ్ళ మీద లెక్కపెట్టి, నలభై ఎనిమిది ఏళ్ళు అని రాశారు. కింద ఇంకా ఏదో రాయబోయి కుంచె ఆపేశారు. అప్పుడు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏమే!" అత్తయ్య కేకకు ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "వేళ్ళు గాలికి పెట్టి ఈ కబుర్లేమిటి? ఈసారి కూడా ఎండగట్టేస్తావా?"

నిజమే. చెట్టు అలాగే పడుకుని ఉంది, సన్నటి వేళ్ళన్నీ బయటికి. పరుగెత్తాను. కుండీలో నిలబెట్టి, మట్టి కూరి, నీళ్ళ డబ్బా ఎత్తాను. అడుగు రంధ్రంలోంచి మొదట గోధుమరంగు నీళ్ళు కారాయి. తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉన్నాను.