మార్పుకి కారణం

ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. బనియన్‌తో పక్కనే నిలబడి అన్నారు: "తప్పు నీదేనని డైరెక్టరుకి రెండు ముక్కలు రాసి పడేయ్. పదింటికల్లా అది ఆయనకి చేరాలి. నేనే రాసిపెట్టాన్లే, నువ్వు పేరు పెట్టి పంపితే చాలు."

మా ఇద్దరిదీ ఒకటే కంపెనీ. ఉపగ్రహాల మీదుగా ఫోన్లూ వీడియోలూ నడిచే నెట్‌వర్కులని ముందుగా కంప్యూటర్లో కట్టి చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. మ్యాపు మీద ఒక చోటు గుర్తుపెట్టి, ఏ ఉపగ్రహమో, ఎంత డిష్షో చెబితే, ఏడాదిలో ఎన్ని గంటలు సిగ్నల్ పోతుందో లెక్క చెప్పేస్తుంది. అందులో వాన లెక్క నాది. వాన సిగ్నల్‌ని తినేస్తుంది కాబట్టి కొంత బలం ముందే అట్టేపెట్టుకోవాలి. దాన్ని రెయిన్ మార్జిన్ అంటాం. పాప పుట్టాక ఇంటి నుంచి సగం పూట పనికి ఒప్పుకున్నాను. ఆ సగం జీతానికే వర్తించింది, పనికి కాదు. కస్టమర్లకి నా లెక్క చూపించేది ఆయన. "మా టీమ్ చేసింది" అంటారు. ఆ టీమ్ అప్పటికి వంటింట్లో పాలు పొంగకుండా కాపలా కాస్తుంటుంది.

పోయిన ఏడాది ఒక ఉదయం అత్తయ్యకి స్నానం చేయిస్తున్నాను. తుంటి విరిగినప్పటి నుంచి ఆవిడ నా భుజం పట్టుకుంటేగానీ కూర్చోలేరు. బయటి నుంచి ఆయన కేకేశారు: "నీ పాస్‌వర్డ్ ఏంటి? కొండ మీది ఆసుపత్రి డిజైన్ ఒకసారి చూడాలి." నా రెండు చేతులా సబ్బు. మొగుడే కదా, పరాయివాడా? "పాప పుట్టినరోజే!" అని అరిచాను. "ఎప్పుడది?" అన్నారు. తేదీ కూడా అరిచి చెప్పాను.

మార్జిన్ ఎనిమిది ఉన్నచోట మూడు వేశారు. మూడైతే చిన్న డిష్ సరిపోతుంది, చిన్న డిష్ అయితే కాంట్రాక్టు మనదే. వచ్చింది కూడా. వారం తర్వాత చూసుకుని అడిగాను.

"ఏం కాదులే. ఏడాది మొత్తమ్మీద ఎన్ని గంటలు పోతుందేంటి?"

"నలభై."

"ఎనిమిది వేల ఏడొందల గంటల్లో నలభై ఓ లెక్కా?"

ఆ నలభై గంటలూ పెద్ద వానల్లోనే వస్తాయండీ, కొండ దారి మూసుకుపోయేదీ అప్పుడే అన్నాను. "నీ వాన గోల ఆపి అన్నం పెట్టు" అన్నారు. పెట్టాను.

పోయిన నెల ఆ కొండ మీద ఒకామెకి పురుడు కష్టమైంది. అక్కడున్నది నర్సు ఒక్కతే. పట్నంలో డాక్టరమ్మ వీడియోలో చెబుతుంటే తను చేస్తోంది. వాన పట్టుకుంది. యాభై నిమిషాలు తెర నల్లగా ఉండిపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. "నేను అడుగుతూనే ఉన్నాను, అటునుంచి జవాబు లేదు" అని నర్సు తన రిపోర్టులో రాసింది. పాపకి జడ వేస్తున్నా ఆ మాటే వినిపిస్తోంది నాకు.

కంపెనీ విచారణలో ఆ మార్పు నా లాగిన్ మీద తేలింది. అత్తయ్య మంచం మీద నుంచే తీర్పు చెప్పేశారు: "వాడి ఉద్యోగం పోతే ఇల్లెలా నడుస్తుందమ్మా? నీదేముంది, సగం ఉద్యోగం. పోయినా సగమేగా పోయేది."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాను. ఆయన రాసిన ఉత్తరం చదివాను. "తప్పు నాదే. ఇంటి పనుల ఒత్తిడిలో పొరపాటున అంకె మార్చాను." పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఇంట్లో నేను చేసేది పనేనని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క వాక్యంలోనే. నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా మండింది.

ఆయన మరిచిపోయిన సంగతి ఒకటుంది. మార్జిన్ మారిస్తే "మార్పుకి కారణం" అని ఒక గడి తెరుచుకుంటుంది. ఏదో ఒకటి రాయనిదే సేవ్ కాదు. ఆ గడి పెట్టించింది నేనే. రిపోర్టులోకి రాదు కాబట్టి దాన్ని ఎవరూ తెరిచి చూడరు. నేను తెరిచాను. అందులో రెండే మాటలున్నాయి.

"ఏం కాదులే."

నాకు జ్వరమన్నా అదే మాట, ప్రమోషన్ల జాబితాలో నా పేరు లేదన్నా అదే మాట. ఆఫీసులో ఆయన వెనక అందరూ ఆ ఊతపదాన్నే అనుకరించి నవ్వుకుంటారు. అది ఎవరిదో డైరెక్టరుకి నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరంలో మొదటి వాక్యం ఉంచి రెండోది కొట్టేశాను. దాని కింద నేను రాశాను: "నా పాస్‌వర్డ్ నా భర్తకి చెప్పాను. అంకె మార్చింది ఆయన. వారానికే నాకు తెలిసింది. తెలిసీ అన్నం పెట్టి ఊరుకున్నాను." ఆ గడి స్క్రీన్‌షాట్ జతచేసి, నా పేరు పెట్టి పంపేశాను.

"పంపావా?" అద్దంలో తల దువ్వుకుంటూ అడిగారు.

"పంపాను."

ఒక పక్కే ఇస్త్రీ అయిన చొక్కా అందుకుని, నా భుజం తట్టారు.

"ఏం కాదులే," అన్నారు.