కంట్రోల్ ఎలుకలు

ఎవరూ ఏమీ చేయని ఎలుక దేనికి భయపడుతుంది, కమిటీలో మొదట ఈ మాటే అడగాలి, అడిగి ఆగాలి, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేదాకా ఆగి అప్పుడు గ్రాఫు చూపించాలి, అనుకుంటూ ఆమె ప్రింటరులో కాగితాలు సర్దింది, పదిన్నర అయింది, పదకొండుకి కమిటీ, ఎలుకల గది చూసుకునే మావయ్యని ఉంచాలా పంపాలా అన్నదొక్కటే విషయం, ఫిర్యాదు ఆమెదే, ఇరవై ఆరేళ్ళుగా ల్యాబులోకి వచ్చిన ప్రతి విద్యార్థికీ అతను మావయ్య, ల్యాబు నడిపే పెద్దాయన ప్రొఫెసరై ఉండి కూడా మావయ్యా అనే పిలుస్తాడు, ఇంకా ఎనిమిది నెలల సర్వీసే కదమ్మా, వదిలేద్దాం, అని నసిగాడు కూడా, వదిలేస్తే నా మూడేళ్ళ పని పాడైన నింద ఎవరి నెత్తిన వెయ్యమంటారు సార్ అంది ఆమె, గొట్టంలో బిగించి రెండేసి గంటలు కదలకుండా పెట్టిన ఎలుకలకు గ్రాఫులో భయం గీత లేచిందంటే సరే, లేవడానికే కదా బిగించింది, గూట్లో తిని పడుకున్న పన్నెండు కంట్రోల్ ఎలుకల్లో ఆరింటికి కూడా అంతే ఎత్తున ఎందుకు లేవాలి, ఎవరో బెదరగొట్టారు, ఆ గదిలో ఉండేది ఒక్కడే, పొద్దున వంటింట్లో గ్లాసు పగిలినప్పుడు అక్కడ ఉన్నది కూతురొక్కతే కాబట్టి అదే అని తేలినట్టు ఇదీ తేలిపోయింది, నేను కాదమ్మా అంది అది గోడకి ఆనుకుని, నువ్వు నిలబడడం చూస్తేనే తెలుస్తోందే నువ్వేనని అంది ఆమె, నువ్వలా మీదికొస్తే ఏ పిల్లైనా అలాగే నిలబడుతుంది, గ్లాసు నా చేతిలోంచి జారింది, అంది ఆమె తల్లి, అప్పటికే ఆమె చెప్పులేసుకుంటోంది, పిల్లకి ఏమైనా చెప్పి వెళ్ళవే అన్న మాట మెట్ల దగ్గర వినపడింది, టైము లేదు.

అడ్రినల్ గ్రంథి ఎలుకలో మిరియపు గింజంత ఉంటుంది, మూత్రపిండం నెత్తిన కూర్చుంటుంది, దానికి కళ్ళూ లేవు చెవులూ లేవు, పైనుంచి ఏ కబురొస్తే దానికి అదే నిజం, మెదడు ప్రమాదం అనగానే దాని అడుగునున్న పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి హార్మోను వదులుతుంది, అది వచ్చి గ్రంథి కణాలకు తగులుతుంది, లోపల కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, వాటికి ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు పడతాయి, అరగంటలో లెక్కకు అందేటన్ని పడతాయి, ఆమె లెక్కపెట్టేది ఆ నకళ్ళనే, కత్తి కింద పెట్టిన క్షణంలో ఎలుక ఎంత భయపడినా ఫర్వాలేదు, నకలు పడేంత టైము దానికి ఉండదు, చావు లెక్కలోకి రాదు, చావుకు ముందు అరగంటే లెక్క, అందుకే గూటిని ఎలుకల గది నుంచి తెచ్చి అరగంట పక్క గదిలో ఉంచుతారు, ఆ తేవడం నిదానంగా జరగాలి, మావయ్యది మరీ నిదానం, గూటి మీద తువ్వాలు కప్పి అడుగులో అడుగేసుకుంటూ వస్తాడు, పెళ్ళికూతుర్ని తెస్తున్నావా మావయ్యా అని ఆమె అంటే అందరూ నవ్వారు, పెళ్ళికూతురైతే నడిచొచ్చేదమ్మా, దీన్ని మొయ్యాలి కదా, అని అతనూ నవ్వాడు, ఆగలేక కొన్ని రోజులు ఆమే వెళ్ళి తెచ్చుకుంది, ఒకరోజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, ఆ కోటుతో లోపలికి రాకండమ్మా, ఇందాక అవతలి ఎలుకని కోసింది ఆ కోటుతోనే కదా, వీటికి వాసన తెలిసిపోతుంది, అన్నాడు, పుస్తకాల్లో ఉన్న సంగతే, ఆమె చదివిన సంగతే, అతని నోటి నుంచి, అదీ ఇద్దరు జూనియర్ల ముందు రావడమే మింగుడు పడలేదు, ఎలుకలు నీతో చెప్పాయా మావయ్యా, నా గురించి ఇంకేమన్నాయి, అని అతన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళింది, ఫిర్యాదు రాసింది ఆ తర్వాతి వారమే, చేతులు మొరటు అని రాసింది, గదిలో పాటలు పెడతాడని రాసింది, పాటలు ఎలుకలకు వినపడనంత చిన్నగా పెడతాడని రాయలేదు.

కమిటీకి కళ్ళకు కట్టినట్టు ఉండాలని ఎర్ర పెన్ను తీసింది, గూడు తెచ్చినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి, మావయ్య సంతకం ఉన్న రోజులన్నిటికీ గ్రాఫు మీద చుక్క పెడితే సరి, రోజుకొక కంట్రోల్ ఎలుక, పన్నెండు రోజులు, పన్నెండు గీతలు, మొదటి చుక్క అడుగునున్న గీత మీద పడింది, రెండోదీ అంతే, తేదీ తప్పు చూశానా అని వేలితో వరస పట్టుకుని మళ్ళీ చూసింది, మూడు, నాలుగు, ఐదు, ఆరో చుక్క కూడా అడుగునే పడింది, లేచిన ఆరు గీతల పక్కన రిజిస్టరులో ఉన్నది ఆమె సంతకమే, గూటిని చంకలో ఇరికించుకుని, నవ్వుతూ ఫోను మాట్లాడుకుంటూ, రక్తం చుక్కలున్న కోటుతో నడవా అంతా నడిచిన ఆరు రోజులు, ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు, మూడేళ్ళలో ఇంత శుభ్రమైన ఫలితం ఆమెకు రాలేదు.

తలుపు దగ్గర దగ్గు, మావయ్యే, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, లోపలికి రావచ్చా మేడమ్, రా మావయ్యా, ఆమె మోచెయ్యి గ్రాఫు మీదికి జరిగింది, వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదమ్మా, అంత చదువుకున్నవాళ్ళ ముందు నాకు మాట రాదు, నా వల్లే అయ్యుంటుంది, వయసైపోయింది కదా, చెయ్యి వణికి గూడు కుదిపానేమో, మీ చదువు పాడైతే నాకేం బాగుంటుంది, ఒప్పుకున్నట్టు మీరే రాసిపెట్టండి, సంతకం పెట్టేస్తాను, క్వార్టర్సు మాత్రం వెంటనే ఖాళీ చెయ్యమనకుండా ఒక మాట చెప్పండి, మా ఆవిడ ఆ మోకాళ్ళతో మెట్లెక్కలేదు, అన్నాడు, ఆమె తెల్ల కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసింది, రాత ఎప్పట్లాగే ఉంది, ఎక్కడా వంకర పోలేదు, ఎర్ర పెన్ను వద్దులే అని నీలం పెన్ను ఇచ్చింది, అతను చదవకుండా సంతకం పెట్టాడు, మీ మేలు మరిచిపోనమ్మా అన్నాడు, క్వార్టర్సు సంగతి చూస్తాలే అంది, చూడనని ఆమెకు తెలుసు, అతను వెళ్ళాక తలుపు దానంతటదే మూసుకుంది, ఇప్పుడు రావాలి, అనుకుంది, నోరు ఎండాలి, చెమట పట్టాలి, ఎవరికైనా ఇప్పుడే రావాలి, మణికట్టు మీద వేలు పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టింది, నిమిషానికి డెబ్బై రెండు.

తలుపు తోసుకుని జూనియరొచ్చింది, మేడమ్, ఎలుకల గది రిజిస్టరు తెమ్మంటున్నారు పెద్దాయన, ఏ రోజు ఎవరు తెచ్చారో వరసగా చూస్తారట, ఆ మాట పూర్తి కాకముందే అరచేతులు తడిశాయి, నాలుక అంగిటికి అంటుకుపోయింది, గుండె చప్పుడు చెవుల్లో వినపడింది, నా దగ్గర లేదే, అంది, అంటూ మోకాలితో సొరుగు లోపలికి తోసింది, రిజిస్టరు అందులోకి ఎప్పుడు పెట్టిందో గుర్తు లేదు, మావయ్య దగ్గరే ఉండాలి, పోగొట్టాడేమో కనుక్కో, నిజమే మేడమ్, మొన్న కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడే వెతుక్కున్నాడు, అని జూనియర్ నవ్వింది, పాపం మావయ్య అంటూ వెళ్ళిపోయింది, ఆమె వేలు మళ్ళీ మణికట్టు మీదికి వెళ్ళింది, నూట ఇరవై నాలుగు, అడుగుల చప్పుడు నడవా చివరిదాకా పోయేసరికి నూట పది, తొంభై, దిగుతోంది, ఆమె లోపలి గ్రంథికి కబురు అందింది, మనిషి వచ్చి ఎదురుగా నిలబడి మా ఆవిడ మెట్లెక్కలేదు అన్నప్పుడు అందని కబురు ఒక రిజిస్టరు పేరెత్తగానే అందింది, మూడేళ్ళు ఎలుకల్లో వెతికింది ఆమె, తనలో తప్పు చేస్తే తెరుచుకునేది ఏదీ లేదు, దొరికిపోతానంటే తెరుచుకునేది ఒక్కటే ఉంది.