బామ్మర్ది ఆడిన తొండి

గంగాప్రసాద్ తొండి ఆడాడు. ఇందులో రెండో మాట లేదు. ఒమన్‌లోని రైసూత్ క్యాంపులో కొందరు దాన్ని తెలివి అన్నారు, కొందరు ఆటలో మామూలే అన్నారు. ఎవరేమన్నా భూమయ్యకు అది తొండే. ఆడినవాడు పరాయివాడైతే పోనీలే అనుకునేవాడేమో. గంగాప్రసాద్ సొంత బామ్మర్ది. చనిపోయిన భార్య సత్తవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్ళు. ఇద్దరూ రైసూత్‌లో ఒకే టైల్స్ ఫ్యాక్టరీలో పని. భూమయ్యకు బట్టీ దగ్గర డ్యూటీ, గంగాప్రసాద్‌కు లోడింగులో. బామ్మర్దికి వీసా తెప్పించింది భూమయ్యే. సత్తవ్వ పోరు పడలేక తెప్పించాడు. తమ్ముడు ఊళ్ళో ఊరికే తిరుగుతున్నాడని ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ ఏడ్చేది.

ఆ సత్తవ్వ పోయిన ఖరీఫ్‌లో పోయింది. ఖరీఫ్ అంటే ఈ సలాలా ప్రాంతంలో చినుకుల కాలం. మిగతా దేశమంతా ఎండకు మాడుతుంటే ఇక్కడ మంచు దిగి కొండలు పచ్చబడతాయి. అలాంటి ఒక ముసురు పొద్దున భూమయ్య బట్టీ ముందు నిలబడి ఉండగా ఫోర్‌మన్ ఎహసాన్ షెడ్డు అవతలి నుంచి, "భూమయ్యా, ఘర్ సే ఫోన్" అని పిలిచాడు.

డ్యూటీ వేళలో ఇంటి ఫోను అంటే మంచి కబురు కాదు. మంచి కబురైతే సాయంత్రం దాకా ఆగుతుంది. అందుకే క్యాంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. "ఇంటి ఫోను" అన్న మాట వినబడితే ఎవరి చేతిలో పని వాళ్ళ చేతిలోనే ఆగిపోతుంది. రూములో అయితే పేకముక్కలు బోర్లిస్తారు, టీవీ గొంతు నొక్కేస్తారు. ఫోన్ అందుకున్నవాడి ముఖం చూశాకే మళ్ళీ కదులుతారు. పాకిస్తానీలైనా, బంగ్లావాళ్ళైనా, మనవాళ్ళైనా అంతే. ఆ రోజు షెడ్డంతా ఆగింది. భూమయ్య ఫోన్ చెవిన పెట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

జ్వరమని ఆస్పత్రికి తీసుకుపోయారట. తిరిగి తీసుకురాలేదు.

పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉంటాయి. బీరువా తాళాలున్నవాడు పండుగ సెలవుల్లో ఎక్కడికో పోయాడు. అతను వచ్చేలోపల అక్కడ అంతా అయిపోయింది. కొడుకుల్లేరు కాబట్టి కూతురు సంగీత చేత కొరివి పెట్టించారు. బావాబామ్మర్దులు ఒకే మంచం మీద కూర్చుని అదంతా ఫోన్‌లో చూశారు. చితి అంటుకున్న కాసేపటికి సిగ్నల్ పోయి బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది. గంగాప్రసాద్ ఫోన్‌ను దుప్పటి కింద పెట్టాడు. వాడు అప్పుడు తన పక్కనే ఉన్నాడు. భూమయ్య మర్చిపోలేనిది అదే.

ఇప్పుడు ఏడాది తిరిగి వస్తోంది. ఏడాది మాసికానికి మొగుడు ఉండాలి. పుట్టింటి బట్టలు పెట్టడానికి తమ్ముడూ ఉండాలి. కంపెనీ మాత్రం పెద్ద ఆర్డరు వచ్చిందని సెలవులన్నీ ఆపేసింది. ఖరీఫ్ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు. కంచె అవతల రోడ్డు మీద మస్కట్ నుంచీ దుబాయి నుంచీ వచ్చిన కార్లు పిల్లాజెల్లతో కొండలు చూడటానికి పోతుండేవి. వీళ్ళు డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఆ కార్లను చూసేవాళ్ళు. సెలవు కావాలని భూమయ్య ఆఫీసు చుట్టూ తిరిగాడు. చావుకే పోలేదు కదా, ఇప్పుడెందుకని అక్కడి గుమాస్తా అడిగాడు. భూమయ్య వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఆ మధ్యే అమెరికా నుంచి కొత్త మేనేజరు దిగాడు. మనవాళ్ళు అతన్ని దొర అనేవారు. శుక్రవారం పూట క్యాంపువాళ్ళు ఫోన్లు చూస్తూ పడుకుని పాడవుతున్నారని అతనికి తోచింది. తన దేశపు ఆట మొదలుపెట్టించాడు. పేరుకు ఫుట్‌బాలే గానీ కాలితో తన్నేది తక్కువ. చేత్తో విసరాలి, పట్టుకుని గీత దాకా ఉరకాలి. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. మనవాళ్ళు దాన్ని గుడ్డాట అన్నారు. అసలు ఆటలో ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకుంటారట. పనివాళ్ళ ఎముకలు విరిగితే పని ఆగుతుంది కాబట్టి దొర మెత్తటి రకం నేర్పాడు. ప్రతివాడి నడుముకూ రెండు గుడ్డపట్టీలు వేలాడతాయి. బంతి ఉన్నవాడి పట్టీ లాగేస్తే అక్కడితో ఆగినట్టు.

దొరకు ఉరుకుడు కంటే ఎత్తులంటే ఇష్టం. బంతి ఒకడికి ఇచ్చినట్టు చేసి ఇంకొకడికి ఇవ్వడం, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి ఒక్క ఊపున లేవడం, ఇవన్నీ చూపించి చప్పట్లు కొట్టేవాడు. ఎదుటివాణ్ణి నమ్మించి దాటిపోవడమే ఈ ఆటకు అందమనీ, కానీ ఆ ఎత్తు ఆట లోపలే పుట్టాలనీ, బయటి సంగతి తెచ్చి మోసం చేస్తే ఊరుకోననీ చెప్పాడు. అతని మాటల్ని తెలుగు చేసి చెప్పేది అబ్దుల్ వహాబ్, దొర కారు నడిపే కడప మనిషి.

భూమయ్య ఎత్తులకు పడేవాడు కాదు. కుర్రతనంలో కబడ్డీ ఆడినవాడు. ఎదుటివాడి కళ్ళు చూడడు, చేతులు చూడడు, నడుమే చూస్తాడు. క్యాంపులో ఉన్నవి ఏ, బి అని రెండు బ్లాకులు. భూమయ్యది ఏ బ్లాకు, రెండింట్లోనూ అతన్ని దాటినవాడు లేడు. బి బ్లాకులో గంగాప్రసాద్ ఉన్నాడు. వాడి కాళ్ళు చురుకు, నోరు అంతకంటే చురుకు.

ఒక శుక్రవారం దొర వాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు. పై శుక్రవారం రెండు బ్లాకులకూ ఆఖరి పోటీ. గెలిచిన బ్లాకులో అవసరమున్నవాళ్ళకు ఖరీఫ్‌లోనే సెలవు ఇప్పిస్తాడు. ఓడినవాళ్ళు ఆగాలి. ఆ పూట నుంచి గుడ్డాటలో నవ్వులు పోయాయి.

పోటీకి ముందు రోజు సాయంత్రం గంగాప్రసాద్ మెస్సు వెనక్కి వచ్చాడు. చేతిలో రెండు చాయ్‌లు.

"బావా, ఎవలు గెలిస్తె వాళ్ళు పోవుడు. ఓడినోడు ముఖం మాడ్చుకోవద్దు."

"నీ ముఖం చూస్కో. నాదేం మాడది."

"అక్క ఉంటె ఇద్దర్నీ తిడుతుండె. ఈ వయసుల గుడ్డు పట్టుకొని ఉరుకుడేందిరా అని."

భూమయ్య నవ్వలేదు. చాయ్ తాగి గ్లాసు బోర్లించాడు. "నువ్వు గెలిస్తె నువ్వే పో. తొండి మాత్రం ఆడకు."

"అక్క మీద ఒట్టు," అని గంగాప్రసాద్ అతని చేతిలో చెయ్యి వేశాడు.

శుక్రవారం సన్నగా ముసురు పట్టింది. నేల జారుతోంది. ఫోన్లు తడవకుండా అందరివీ తీసి గీత అవతల కుర్చీలో పెట్టి, పైన ఎవరిదో రెయిన్‌కోటు కప్పారు. ఆట చివరికి వచ్చేసరికి ఏ బ్లాకే ముందుంది. బి బ్లాకుకు ఇంకొక్క అవకాశం మిగిలింది. బంతి విసిరేవాడు అర్ఫాత్, హైదరాబాదు పిల్లాడు. పట్టాల్సినవాడు గంగాప్రసాద్. వాడికి ఎదురుగా భూమయ్య. ఈ ఒక్కసారి వాణ్ణి ఆపితే సెలవు తనది. భూమయ్య మోకాళ్ళు వంచి వాడి నడుము మీద చూపు నిలిపాడు. పొద్దుటి నుంచీ ఆ నడుము అతన్ని ఒక్కసారీ దాటలేదు.

బంతి కదలకముందే గంగాప్రసాద్ నిటారుగా నిలబడ్డాడు. భుజాలు జారేశాడు. కుర్చీ వైపు చూసి, ఆటలోంచి బయటికి పోతున్నవాడిలా గీత వైపు నాలుగడుగులు వేశాడు. భూమయ్య పక్కకు వచ్చినప్పుడు మెల్లగా అన్నాడు.

"బావా, ఇంటికెల్లి ఫోను. సంగీతకు బాగలేదట."

భూమయ్య ఆలోచించలేదు. ఆలోచించే లోపలే కాళ్ళు కుర్చీ వైపు ఉరికాయి. ఆ మాట చెవిన పడ్డ ఏ బ్లాకు మనుషులు మరో ఇద్దరు ఉన్నచోటే ఆగిపోయారు. క్యాంపు పద్ధతి అది. రెయిన్‌కోటు లాగి పడేసి తన ఫోన్ వెతికి పట్టుకున్నాడు. తడి వేళ్ళకు అది తెరుచుకోలేదు. చొక్కాకు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. తెర మీద సంగీత బొమ్మ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు.

వెనక కేకలు లేచాయి. తిరిగి చూస్తే గంగాప్రసాద్ చివరి గీత అవతల బంతి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బి బ్లాకువాళ్ళు వాణ్ణి ఎత్తుతున్నారు.

ఏ బ్లాకువాళ్ళు దొర మీద పడ్డారు. వాడేదో చెప్పి మనిషిని తప్పించాడని మొత్తుకున్నారు. దొర ఈల ఊది అందరినీ ఆపాడు. నడిచి బయటికి పోతున్నట్టు నటించడం చెల్లుతుంది, అది తాను నేర్పిందే అన్నాడు. నోటితో ఏమన్నాడన్నదే తేలాలి. అడిగితే గంగాప్రసాద్ తల వంచుకుని, "ఆటల ఏదో అన్న," అని ఊరుకున్నాడు. అప్పుడు దొర భూమయ్య దగ్గరికి వచ్చాడు. వహాబ్ పక్కన నిలబడ్డాడు.

"ఏమన్యాడో చెప్పు భూమయ్యా. బయటి సంగతి తెచ్చినాడంటే ఈ గెలుపు కొట్టేస్తాడంట. వానికి సెలవు కూడా లేకుండా చేస్తాడంట. ఒక్క మాట చెప్తే సాలు, గెలుపు మీదే."

ఆగిపోయిన ఆ ఇద్దరూ కూడా భూమయ్య వైపే చూస్తున్నారు. ఇల్లు అతనిది, మాట అతనే చెప్పాలన్నట్టు. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. షెడ్డులో వచ్చిన ఫోన్ గురించి చెప్పాలి. ఫోన్‌లో చూసిన చితి గురించి చెప్పాలి. దొర టోపీ తీస్తాడు. అయ్యో అంటాడు. సత్తవ్వ చావును చూసి సెలవు ఇస్తాడు. గంగాప్రసాద్ వాడుకున్నదీ ఆ చావునే. గీత అవతలికి పోవడానికి ఇద్దరికీ ఒకటే దారి మిగిలింది, ఆమె మీదుగా.

భూమయ్య నడుము పట్టీలు విప్పి నేల మీద పడేశాడు.

"ఏమన్లేదు."

"ఏమీ అనకుండానే ఉరికినావా?" అన్నాడు వహాబ్. నమ్మలేదు.

"ఏమన్లేదని చెప్పు."

వహాబ్ దొరకు అదే చెప్పాడు. దొర బి బ్లాకు గెలిచిందన్నాడు. ఏ బ్లాకువాళ్ళు భూమయ్యను వదల్లేదు. బామ్మర్ది కోసం తమ అందరి నోట్లో మట్టి కొట్టాడన్నారు. ఎహసాన్ కూడా బట్టీ దగ్గర అతనితో మాట్లాడటం మానేశాడు.

మూడో పొద్దున గంగాప్రసాద్ అతని రూముకు వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"బావా, నా పేరు తీసి నీ పేరు పెట్టమని దొరకు చెప్పిన. ఒప్పుకున్నడు. నువ్వే పో."

"నాకద్దు."

"ఆ యాల్ల నేనేం అన్ననో నాకే తెల్వలే బావా. అక్కను ఫోన్ల చూసుడే అయింది. గీ ఒక్కదానికన్న పోదామని..."

"తొండి ఆడి తెచ్చిన సెలవుల నా పెండ్లాం మాసికం పెట్టను. పో."

గంగాప్రసాద్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. భూమయ్య బూట్లు వేసుకుని వాడి పక్క నుంచే డ్యూటీకి పోయాడు.

గంగాప్రసాద్ ఊరికి పోయాడు. మాసికం రోజు సంగీత ఫోన్ చేస్తుందని భూమయ్యకు తెలుసు. ఫోన్‌ను మామ పక్కన నిలబెట్టి అంతా చూపిస్తుంది. భూమయ్య ఫోన్‌ను రూములో వదిలేసి బట్టీకి పోయాడు. డబుల్ డ్యూటీ అడిగి చేశాడు. బట్టీ కంత లోంచి మంట కనబడుతూనే ఉంటుంది. అటు చూడకుండా పని చేసే వీలు లేదు.

తర్వాత సంగీతకు ఫోన్ చేసినప్పుడు ఆమె ఏడ్చింది. మామ అన్నీ చేశాడనీ, అమ్మ ఫోటో ముందు కూర్చుని పొద్దంతా ఏమీ తినలేదనీ చెప్పింది. నువ్వెందుకు రాలేదని అడిగింది. సెలవు దొరకలేదన్నాడు. మామకు దొరికింది కదా అంది. పని ఉందని ఫోన్ పెట్టేశాడు.

గంగాప్రసాద్ తిరిగి వచ్చాడు. పుట్టింటి తరఫున బావకు పెట్టాల్సిన ధోతి, కండువా తెచ్చాడు. భూమయ్య లేనప్పుడు మంచం మీద పెట్టిపోయాడు. భూమయ్య వాటిని విప్పకుండా వహాబ్‌కు ఇచ్చి బి బ్లాకులో ఇచ్చి రమ్మన్నాడు. వహాబ్ తీసుకోలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

"వాడు రోజూ నన్నడుగుతా ఉండాడు, మా బావ ఏమన్యాడని. ఆ పొద్దు నిజం చెప్పకుండా వాన్ని దాచినావు గదా. దాచినోడివి మాట్లాడితే ఏం పోతాది?"

"నేను వాన్ని దాయలేదు."

"మరి ఎవర్ని దాచినావు?"

భూమయ్య బట్టల మూట తీసుకుని లేచాడు. తలుపు తీసి వరండాలో పెట్టి, మళ్ళీ లోపలికి వచ్చాడు.

"వాడు తొండి ఆడిండు. నాకది తెలుసు, వానికి తెలుసు. ఇగ ఆ ముచ్చట నా ముందు ఎవ్వలెత్తినా వాళ్ళతోని కూడ మాట్లాడ. నువ్వైనా అంతే."

వహాబ్ లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతి భూమయ్య నోట ఎవరూ వినలేదు. వినబోరు కూడా.