సార్జెంట్ ఎలాడియో కొండ దిగిన రోజు

మా దళంలో అందరం పోర్టోరికో వాళ్లమే. అమెరికా సైన్యంలో చేరి కొరియా మంచులో యుద్ధం చేస్తున్న రోజులవి. మా సార్జెంట్ ఎలాడియో, పోర్టోరికోలోని హయూయా కొండల్లో కాఫీ పండించుకునే మనిషి. గొంతు పెంచి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

ఆ ఉదయం కొండ మీద కాల్పుల్లో మా లెఫ్టినెంట్ చనిపోయాడు. మావాళ్లు చెల్లాచెదురవబోయారు. ఎలాడియో మేం దాక్కున్న ఒక్కో గుంత దగ్గరికీ పాక్కుంటూ వెళ్లి అందరికీ తలా ఒక పని అప్పగించాడు.

"నువ్వు ఆ మెషిన్‌గన్ వైపు కాలుస్తూ ఉండు. నువ్వు దెబ్బతిన్నవాళ్లని కిందికి దింపు. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం ఆపకు."

చేతికి పని దొరికాక అందరూ కుదుటపడ్డారు.

నేను మాత్రం తొడలో తూటా దిగి, అందరికంటే ముందు, చాటు లేని చోట పడి ఉన్నాను. ఆయన నా వైపు పాకి రావడం చూసి కేకలు పెట్టాను.

"రావద్దు సార్జెంట్! వెనక్కి పొండి! మీకేమైనా పిచ్చా?"

"ఒరేయ్ సెనోన్, నాకే ఆర్డర్లు వేస్తున్నావా? నోరు మూసుకుని నా బెల్టు పట్టుకో."

నన్ను ఈడ్చుకుంటూ దిగుతుండగా ఆయన కుడి భుజానికి తూటా తగిలింది. పళ్లు బిగబట్టి, ఎడమ చేత్తో లాగాడు. కింద నన్ను జీపు ఎక్కించి, తను ఎక్కలేదు. మావాళ్లంతా దిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత ఆయనకు పతకం ఇచ్చారు. "ఇది మనందరిదీరా. ఇంటికి మాత్రం నేనే పట్టుకుపోతా, చూపించకపోతే మా ఆవిడ నమ్మదు" అన్నాడు.

ఆ భుజం మళ్లీ పైకి లేవలేదు. అందుకే ఏటా కాఫీ పళ్లు ఎర్రబడగానే కుంటుకుంటూ హయూయా వెళ్తాను. పై కొమ్మల పళ్లు నేను కోస్తాను, కిందివి ఆయన.

ఈ ఏడు కోస్తూ కోస్తూ అడిగాను. "ఆ రోజు మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యలేదు? ఒళ్లంతా వణికింది. నువ్వు అరవడం ఆపితే వెనక్కి పోదామనుకున్నా. నువ్వు ఆపితేగా!"

నవ్వి, ఇంకో కొమ్మ వంచాను. "మీ వల్లే సార్జెంట్, నాకు పెళ్లాం పిల్లలు..."

"నా వల్ల పిల్లలేంట్రా! ఊళ్లో ఎవరూ వినకుండా చూడు."

"కృతజ్ఞత చెప్పుకుంటున్నానండీ."

"తెలుసులేరా. ఏటా వస్తూనే ఉన్నావుగా," అని నా బుట్టలోని పళ్లు తన బస్తాలోకి ఒంపుకున్నాడు.