తులసి దళం తిరిగిన తొట్టి

నేను ఒక గాజులాంటి తొట్టిని. నాతోపాటు ఒక చిన్న పంపు, రెండు మెత్తటి గొట్టాలు, ఒక రాగి పలక, సన్నటి రేకులు పేర్చిన ఒక చట్రం. అన్నీ కలిపి మా పేరు ఒకటే, కంప్యూటరును నీళ్ళతో చల్లబరిచే కిట్టు. అయినా ‘నేను’ అనుకున్నప్పుడల్లా నాకు తొట్టే గుర్తొస్తుంది. మనసెక్కడుందని అడిగితే మనుషులు గుండె మీద చెయ్యి వేసుకోరూ, అలాగ.

పుట్టిన చోటు సరిగా గుర్తులేదు. తెల్లటి దీపాలు, తొడుగులు వేసుకున్న చేతులు. ఎవరో నన్ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని పగుళ్ళున్నాయేమోనని చూశారు. ఆ చూపు నన్ను దాటి అవతలికి వెళ్ళిపోయింది. తరువాత అట్టపెట్టె, చీకటి, ఓడ ఊగిసలాట, లారీ కుదుపులు. నీళ్ళ కోసం పుట్టి, నీళ్ళమీదే ప్రయాణం చేస్తూ, లోపల ఒక్క చుక్కైనా లేకుండా చాలాకాలం కలలాంటిదేదో కంటూ పడి ఉన్నాను.

మెలకువ వచ్చింది రాజమండ్రిలో, ఇమ్మానియేలు అనే ఆయన కంప్యూటర్ల దుకాణంలో. అక్కడికి ఒక ఉదయం శేషగిరి, హైమవతి అనే భార్యాభర్తలు వచ్చారు. శేషగిరి కట్టబోయే ఇళ్ళకు ముందుగా బొమ్మలు గీసేవాడు. గోడ లేవకముందే ఆ గోడ మీద పడబోయే సాయంకాలపు ఎండను కంప్యూటర్లో చూపించడం ఆయన పని. ఆ ఎండలకు లోపల యంత్రం కాలిపోయేది, దాన్ని చల్లార్చడానికి ఫ్యాన్లు హోరెత్తేవి.

“చప్పుడు చెయ్యనిది కావాలండి,” అన్నాడు శేషగిరి.

“చప్పుడంటే మామూలుది కాదండి,” అంది హైమవతి. “మా ఇంట్లో రైసుమిల్లు పెట్టామనుకుంటున్నారు కింది వాటావాళ్ళు.”

ఇమ్మానియేలు నవ్వి రెండు పెట్టెలు ముందు పెట్టాడు. “ఇది సీలు చేసి వస్తుందండి. నీళ్ళు లోపలే ఉంటాయి. బిగించేసి మర్చిపోవడమే. ఇదేమో మనమే నీళ్ళు పోసుకోవాలి, అప్పుడప్పుడూ మార్చుకోవాలి. నా మాటినండి మాస్టారూ, మొదటిది పట్టుకెళ్ళండి.”

బిగించేసి మర్చిపోవడం అన్న మాట శేషగిరికి నచ్చింది. ఆయన చెయ్యి అటే వెళ్ళింది. హైమవతి మాత్రం నన్ను చూసింది. నాలోంచి కాదు, నన్నే.

“ఇందులో నీళ్ళు తిరగడం కనబడుతుందా అండి?”

“శుభ్రంగా కనబడుతుందమ్మా. చేపలుండవంతే.”

“అయితే ఇదే ఇవ్వండి.”

“కష్టమంటున్నారు కదా హైమా.”

“ఇంట్లో ఒక్కదాని లోపలైనా ఏం జరుగుతోందో కనబడాలి,” అంది ఆమె.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆమె ఒళ్ళో కూర్చున్నాను. “దసరా దాకా చూస్తానండీ,” అంది వీధికేసి చూస్తూ. “అప్పటికీ మీరు ఇలాగే మాటాపలుకూ లేకుండా ఉంటే తణుకు వెళ్ళి తమ్ముడింట్లో ఉంటాను.” ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే శేషగిరి కొంచెం ధైర్యంగా ఉండేవాడు. ఆయన నా పెట్టెమీది అక్షరాలు చదువుతున్నట్టు తల వంచుకున్నాడు.

నాలో పోయడానికి ఖనిజాలేమీ లేని నీళ్ళు కావాలి. కారు బ్యాటరీల దుకాణంలో దొరుకుతాయి. శేషగిరి ఒక పాత కూల్‌డ్రింకు సీసాలో పోయించుకుని వచ్చాడు. ఎవరైనా దాహానికి తాగేస్తారని భయం. అందుకని దేవుడి గూట్లో పై అరలో పెట్టాడు. ఆ ఇంట్లో పొరబాటున ముట్టుకోకూడనివన్నీ అక్కడికే చేరేవి. గాజు బల్బులు, పురుగుల మందు, ఇంటి కాగితాలు, అన్నిటికీ దేవుడే కాపలా.

అదే అరలో, అలాంటి సీసాలోనే, గోదావరి పుష్కరాల నీళ్ళున్నాయి. హైమవతి తల్లి చివరిసారి స్నానం చేసినప్పుడు తన చేత్తో పట్టి, ఒక తులసి దళం వేసి మూత బిగించిన నీళ్ళు. మళ్ళీ పుష్కరాలొచ్చినప్పుడు ఇవి గోదాట్లో కలిపి కొత్తవి తెచ్చుకోవే అని చెప్పి, ఆ ఏడే ఆవిడ పోయింది.

నన్ను బిగించేటప్పుడు శేషగిరి బల్ల కింద దూరి ఉన్నాడు. “హైమా, పై అరలో సీసా ఇలా అందివ్వు.” ఆమె అప్పుడు ఏదో చిన్న విషయానికి అలిగి ఉంది. అటు తిరిగి చూడకుండానే చేతికి తగిలింది అందించింది. బల్ల కింది చీకట్లో ఆయనా చూడలేదు.

అలా నాలోకి నీళ్ళు వచ్చాయి. చల్లటి, బరువైన, ఏదో జ్ఞాపకం ఉన్న నీళ్ళు. నాకు మొదటిసారి లోపలి భాగం ఉన్నట్టు అనిపించింది. నా పని వేడిని చంపడం కాదు. ఒకచోట తీసుకుని మరోచోట వదలడం, అంతే. మనుషులు బాధతో చేసేది కూడా ఇదేనేమో.

గదిలో హోరు ఆగిపోయింది. హైమవతి గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది. శేషగిరికి మాత్రం ఆ నిశ్శబ్దం నగ్నంగా నిలబడినట్టుంది. ఆ హోరు ఆయనకు గోడ. దాని వెనక ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, అడిగినా వినబడలేదనడానికి వీలుండేది. ఇప్పుడు ఆమె గాజుల చప్పుడు, పేపరు తిప్పడం, మాట మొదలుపెట్టబోయి ఆపేసిన ఊపిరి కూడా వినబడుతున్నాయి. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు పెద్ద హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చి చెవులకు పెట్టుకున్నాడు. అందులో పాటలేవీ ఉండవని నాకు తెలుసు.

దసరా వెళ్ళిన మర్నాడు హైమవతి అటక మీది సంచీ దింపింది. చీరలు సర్దుకుంది. చివరికి అమ్మ నీళ్ళు కూడా తీసుకెళదామని పై అర దగ్గరికి వెళ్ళి సీసా కిటికీ వెలుతురులో పట్టుకుంది. నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి. తులసి లేదు.

ఆమె తిరిగి చూసింది. శేషగిరి మోకాలి పక్కన, నాలో, నల్లబడిన చిన్న తులసి దళం ఒకటి మెల్లగా తిరుగుతోంది.

ఆమె వచ్చి ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసేసింది. “ఈ సీసాలో నీళ్ళేంటండీ?”

“బ్యాటరీ నీళ్ళు. అంటే, అవి ఇందులో...” ఆయన నాకేసి చూసి ఆగిపోయాడు.

“బ్యాటరీ నీళ్ళు దేవుడి దగ్గర పెట్టారా?”

“అక్కడైతే ఎవరూ ముట్టుకోరని.”

“నేనే అందించాను కదూ,” అంది హైమవతి మెల్లగా. నేలమీద కూర్చుంది. “అయితే వరలక్ష్మీ వ్రతానికి ఇల్లంతా చల్లింది బ్యాటరీ నీళ్ళా?” అంది.

శేషగిరి నవ్వాపుకోబోయాడు. ముందు ఆమే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆయన కంగారుగా స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. “ఇప్పుడే తీసేస్తాను హైమా.”

“ఆగండి. తిరగనివ్వండి. మా అమ్మకి ఒకచోట కూర్చోవడం ఎప్పుడు చేతనైంది గనక.”

ఆ రోజు తణుకు బస్సు వెళ్ళిపోయింది. సంచీ మాత్రం సర్దినట్టే గోడవారన ఉంది. హైమవతి రోజూ సాయంత్రం పీట వేసుకుని నా పక్కన కూర్చునేది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తల్లి సంగతులు చెప్పేది. ఎవరికి చెబుతోందో మొదట్లో ఆమెకే తెలియదు. తరువాత శేషగిరి మధ్యలో, “ఆ ఆవకాయ జాడీ పగిలింది అప్పుడేనా?” అని అడిగాడు. “ఆ తరవాతండీ. మీరు వినడం లేదసలు,” అంది ఆమె. వింటున్నాడని ఇద్దరికీ తెలుసు. హెడ్‌ఫోన్లు మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టాయి.

నది నీళ్ళు ఊరికే ఉండవు. నాలో పచ్చదనం మొలిచింది. గొట్టాల్లో నాచు పట్టింది. నేను వేడిని సరిగా మొయ్యలేకపోయాను. తెర మీద వేడి చూపే అంకెలు ఎక్కుతుంటే శేషగిరి చూసేవాడు, పని నెమ్మది చేసుకునేవాడు, ఆమెతో ఏమీ అనేవాడు కాదు. ఒకరోజు యంత్రం దానంతట అదే ఆగిపోయింది. ఆయన మళ్ళీ నడిపించాడు. మళ్ళీ ఆగింది.

హైమవతి నా గోడను వేలితో తుడిచింది. మసక లోపలి వైపుంది. “ఇంక చాలండీ,” అంది. “ఆవిడకీ ఊపిరాడటం లేదు.”

నన్ను రాగి చెంబులోకి వంచారు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం గోదావరి ఘాటుకు వెళ్ళాం. గొట్టాలు ఊడదీసిన నన్ను కూడా ఎందుకు తీసుకెళ్ళిందో ఆమె చెప్పలేదు. చెంబు నీళ్ళలో ముంచి వంచింది. పచ్చటి చార ఒకటి కాసేపు విడిగా కనబడి, గోదావరిలో కలిసిపోయింది. “మా అమ్మ మీ బొమ్మల ఇళ్ళన్నీ చూసొచ్చింది,” అంది హైమవతి. తరువాత నన్ను మెట్టు మీద పెట్టి కడిగింది. నదిలో మునిగిన ఆ క్షణం నాకు లోపలా బయటా ఒకటే అయింది.

ఇప్పుడు బల్ల కింద ఇమ్మానియేలు ముందే చెప్పిన సీలు వేసిన పరికరం పనిచేస్తోంది. దానిలో నీళ్ళున్నాయో లేవో ఎవరూ అడగరు. నేను పై అరలో, దేవుడి పక్కన, పొరబాటున ముట్టుకోకూడని వాటి మధ్య ఉన్నాను. అడుగున తులసి దళం మరక పోలేదు. మధ్యాహ్నం కిటికీ ఎండ నాలోంచి వెళ్ళి ఎదుటి గోడమీద నీళ్ళలా కదులుతుంది. శేషగిరి ఒక్కోసారి పని ఆపి ఆ ఎండనే చూస్తుంటాడు. అది ఆయన గీసింది కాదు.

సంచీ అటక ఎక్కిన రోజున హైమవతి నాకు కుంకుమ బొట్టు పెట్టింది.

“వచ్చే పుష్కరాలకి నీళ్ళు ఇందులో తెచ్చుకుందామండీ.”

“మూత బిగుతుగానే ఉంటుంది,” అన్నాడు శేషగిరి. “కాకపోతే ఈసారి చూసి అందివ్వు.”

“మీరు చూసి అడగండి,” అంది.